కీర్తియు నర్హతయు: ఒక యాటను గూర్చి

లోకమంతయు మెచ్చుకొన్న వస్తువును మనము మెచ్చుకొనలేకపోయినప్పుడు లోపము లోకమునందున్నదా, మనయందున్నదా, ఆ వస్తువునందే యున్నదా యను వివాదమును కావ్యములను గూర్చియు సంగీతమును గూర్చియు పలుమారులు వినియున్నాము. ఒక వీడియో ఆటను గూర్చి వినుట మాత్రము మాకదియే మొదలు. గడచిన వేసవి సెలవులలో జనగామలో మా బంధువుల యింట నొక సాయంకాలము ఈ తగవు పుట్టినది. ఆ యింటి పిల్లవాడు ఇంజనీరింగు చదువుచున్నాడు. మహబూబాబాదునుండి, అనగా మనవారి వాడుకలో మానుకోటనుండి, వచ్చిన ఉపాధ్యాయుడొకరును, భూపాలపల్లి సింగరేణి గనిలో పనిచేయు వాని చిన్నాయనయు ఆనాడు అచ్చటనే యుండిరి. మాటల సందర్భమున పిల్లవాడు 'అండర్‌టేల్' అను నాట తనకు ధర్మమన నేమో నేర్పినదనెను. ఉపాధ్యాయుడు పక్కున నవ్వెను. "మామా, మీరు ఆడకుండనే నవ్వుచున్నారు" అని పిల్లవాడు చిన్నబుచ్చుకొనెను. "ఆడవలసిన పనియేమిరా? ఆ బొమ్మలు చూచిన చాలదా?" అని యాయన యుత్తరము. వడ్డించిన యన్నము చల్లారిపోవువరకు వాదము సాగినది. తుదకు తీర్పు చెప్పుమని మమ్ము పట్టుకొనిరి. ఆడనిదే తీర్పు చెప్పుట న్యాయము కాదు గనుక ఈ వయస్సున మేమును ఆ పిల్లవాని యంత్రము ముందు కూర్చుంటిమి.

ఇట్టి యాటలతో పరిచయము లేని చదువరుల కొఱకు కొంత చెప్పవలసియున్నది. ఆడువాడు కథలోని యొక పాత్రను తనదిగా గ్రహించి, ఆ పాత్ర నడువవలసిన త్రోవను తానే నిర్ణయించు నాటలను 'రోల్ ప్లేయింగ్' ఆటలందురు. వీనిలో పెక్కింటి పద్ధతి యొక్కటే. త్రోవలో రాక్షసులు తారసిల్లుదురు. వారిని చంపినకొలది 'అనుభవము' అను పేరిట అంకెలు పెరుగును. అంకెలు పెరిగినకొలది 'లెవెల్' పెరుగును. లెవెల్ పెరిగినకొలది మఱింత పెద్ద రాక్షసులను చంపవచ్చును. ఈ లెక్కను ప్రశ్నింపకయే దశాబ్దములుగా లోకమునందలి పిల్లలు ఆడుచు వచ్చిరి. పెద్ద సంస్థలు వందలకొలది పనివారిని పెట్టి ఇట్టివానిని చేయించును. సంస్థల పెట్టుబడి లేకుండ ఒకరిద్దరు తమంతట తాము చేసినవానికి 'ఇండీ' ఆటలని పేరు.

అండర్‌టేల్ అట్టిది. అమెరికా దేశీయుడగు టోబీ ఫాక్స్ అను యువకుడు 2013లో తన సంకల్పమును ప్రకటించి ఐదువేల డాలర్ల చందా కోరగా, 2,398 మంది కలిసి 51,124 డాలర్లిచ్చిరి. కథ, సంగీతము, ప్రోగ్రాము చాలవరకు తానొక్కడే వ్రాసెను. బొమ్మలయందు టెమీ చాంగ్ అను చిత్రకారిణి సాయపడెను. 2015 సెప్టెంబరు 15న ఆట వెలువడినది. కథ యిది: పూర్వము మనుష్యులకును భూతజాతికిని యుద్ధము జరుగగా, గెలిచిన మనుష్యులు ఓడినవారిని ఒక కొండ క్రింద భూగర్భమునందు బంధించి పైన మంత్రపు గోడ పెట్టిరి. ఆ కొండమీదినుండి యొక మనుష్యుల బిడ్డ క్రింద పడును. ఆ బిడ్డయే మనము. త్రోవలో ఎదురైన ప్రాణిని కొట్టవచ్చును. లేదా దానితో మాటాడి, దానిని నవ్వించి, దాని దిగులేమో కనుగొని, 'దయ' యను మీటను నొక్కి విడిచిపెట్టవచ్చును. ఒక్క ప్రాణినైనను చంపకయే కథను తుదముట్టింపవచ్చును. ఇదియే యీ యాటయందలి కొత్తదనము.

కీర్తి మాట యెత్తినచో, అది వచ్చిన వేగము విచిత్రముగనే యున్నది. వెలువడిన యేటి డిసెంబరులోనే, ఆటల కొఱకై యేర్పడిన యొక ప్రసిద్ధమైన నెలవునందు పాఠకుల యోట్లచేత సర్వోత్తమమైన యాటగా నెన్నబడినది. ఏండ్ల తరబడి తలమానికములని పేరొందిన పాత యాటలు వెనుకబడుటచే గొప్ప కలకలము రేగినది. 2016లో నొక యూట్యూబు ప్రసంగకుడు వాటికనునందు నాటి పోపు ఫ్రాన్సిసునకు దీనిని కానుకగా సమర్పించెను. 2022 జనవరిలో ఆ పోపుగారి దర్శన సభలో సర్కసువారు ఈ యాటలోని యొక బాణీకి విన్యాసములు చేసిరి. ఆ బాణీ యాటలో నెంతటి ఘోర సన్నివేశమున వినబడునో యెఱిగినవారికి అది నవ్వు పుట్టించిన దనుటలో నాశ్చర్యము లేదు.

ఉపాధ్యాయుని యాక్షేపణములను తేలికగా త్రోసివేయ వలనుపడదు. బొమ్మలు మోటుగ నున్నవనుట నిజమే. కొన్ని చోట్ల చిన్నపిల్లలు గళ్ల కాగితముపై దిద్దినట్లున్నవి. చిక్కుప్రశ్నలు సులభము. ఐదాఱు గంటలలో కథ ముగియును. ఇవి యన్నియు చిన్న మాటలు. ఆయన పెద్ద మాట వేఱు. "దయ చూపినవారికెల్ల మేలు కలుగునట్లు ఆ రచయిత లోకమును ముందే దిద్ది పెట్టినాడు. కొట్టవచ్చినవాడు రెండు మంచి మాటలకే స్నేహితుడగును. అట్టి లోకమున దయ చూపుట గొప్పయా? ఈ జనగామ జిల్లాలోనే, కడవెండిలో, 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖు మనుష్యులు ఊరేగింపుపై తుపాకులు పేల్చగా దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ఆయన యెదుట దయ యను మీట లేదు. ఆ గడ్డపై పుట్టినవాడు ఇట్టి బొమ్మలాట చూచి ధర్మము నేర్చితిననుట నాకు సిగ్గుగా నున్నది" అనెను. పిల్లవాడు దీనికి బదులు చెప్పలేకపోయెను. మాకును అప్పటికేమియు తోచలేదు.

ఇక మా యాట సంగతి. భూగర్భమున పడగానే టోరియెల్ అను నామె మమ్ము చేరదీసినది. మేకమొగము, రాణివంటి నడక, తల్లివంటి మాట. చేయిపట్టి నడిపించినది, తిండి వండి పెట్టినది, పడుకొనుటకు గది చూపినది. ఆమె యిల్లు విడిచి పైకి పోవుదుమన్నచో మాత్రము వలదన్నది. పూర్వము తన చెంత నుండి వెడలిన బిడ్డలెవరును బ్రతుకలేదట. పోవుటకే నిశ్చయించినచో నీ బలము నాకు చూపుమని త్రోవకడ్డముగా నిలిచినది.

మాటాడి చూచితిమి, ఆమె వినలేదు. అంతకుముందు కొన్ని భూతములు ఒకటి రెండు దెబ్బలు తగులగనే మెత్తబడుట చూచియుంటిమి గనుక, ఈమెను కొంచెము నొప్పించినచో త్రోవ విడుచుననుకొంటిమి. కొట్టితిమి. మఱల కొట్టితిమి. ఆమె బలము కొంత తగ్గినది. ఇంకొక్క దెబ్బతో లొంగునని తలచితిమి. ఆ యొక్క దెబ్బ మేమనుకొన్నదానికంటె పెక్కు రెట్లై తగిలినది. ఆమె చనిపోయినది. మా ప్రాణము తగ్గిపోవుచున్నప్పుడు ఆమె విసరిన నిప్పులు మమ్ము తాకకుండ పక్కలకు పోవుచుండెననియు, ఆమె మమ్ము చంపవలెనని యెన్నడును తలపలేదనియు అటుపిమ్మట గాని మాకు తెలిసిరాలేదు.

పిల్లవాడు ప్రక్కనే యుండియు నోరు మెదపలేదు. "ముందే చెప్పియుండరాదా?" అని కసరితిమి. "నేనును మొదటిసారి అట్లే చేసితిని" అనెను.

యంత్రమునందు పాత స్థితిని దాచియుంచుట, వలసినప్పుడు దానికి మరలిపోవుట కలదు. మేమును మరలిపోతిమి. ఈసారి కొట్టక, 'దయ' మీటనే నొక్కితిమి. ఆమె వినలేదు. మఱల నొక్కితిమి. ఇట్లు ఇరువదిసార్లకు పైగా నొక్కిన పిదప ఆమె చేతులు వాలవేసి, మమ్ము కౌగిలించి పంపినది. ఊరట కలిగినది. తలుపు దాటగనే, మొదటినుండి మమ్ము మోసపుచ్చజూచుచున్న పువ్వొకటి లేచి, నీవు చేసిన పని నాకు తెలియును, ఆమెను చంపి, నొచ్చుకొని, వెనుకకు పోయితివి గదా యని యెగతాళి చేసెను. ఆటలో నింతవరకు జరిగిన కథ ప్రకారము ఆమె బ్రతికియే యున్నది; చంపినట్లు ఎచ్చటను గుర్తు లేదు. ఐనను ఆ యాట మఱచిపోలేదు. మేము అరువదేండ్ల వయస్సున ఒక గీతల బొమ్మ మాటకు తల వంచుకొంటిమి. ఇది చెప్పుకొనుటకు కొంచెము లజ్జగా నున్నను తీర్పరి సాక్ష్యమును దాచరాదు గదా.

కథ చివర నింకొక సంగతి కలదు. ఒక పెద్ద చావడిలో ఎముకల గూడొకటి నిలిచి, ఇంతదాక మనము 'అనుభవము' అనుకొన్న అంకె యనుభవము కాదనియు, మనము చేసిన వధలకు లెక్కయనియు, 'లెవెల్' అనుకొన్నది మన హింసయొక్క మట్టమనియు విప్పి చెప్పును. ఎవరిని చంపని వాని లెక్క సున్న. ఆ పేర్లు మొదటినుండియు తెరమీదనే యున్నవి. పొడి యక్షరములుగా నున్నవి. వాని కర్థమేమని మనమెవ్వరమును అడుగలేదు. ఇంతకాలము ఇతరుల యాటలలో నేర్చిన యర్థమునే దీనికిని తగిలించుకొంటిమి.

పేర్లచేత మోసపోవుట యాటలకే పరిమితమైనది కాదు. 1961లో కట్నము చట్టముచే నిషిద్ధమైనది. నేడు మన చదువుకొన్న యిండ్లలో కట్నము పుచ్చుకొన్నవాడొక్కడును కానరాడు. కానుకలు కలవు, లాంఛనములు కలవు, పిల్ల పేరిట పెట్టిన ఫ్లాటు కలదు. పరువు, పద్ధతి, సర్దుబాటు అను మాటల పొడి యక్షరములను విప్పి, అమ్మా, ఇంతకాలము నీవు లెక్కపెట్టినది ఇది యని చెప్పుటకు మన చావడిలో ఎముకల గూడు లేదు. ఒక యాట యొక్క పదమును మాతోనే తప్పుగా చదివించి, ఆ తప్పును మాకే చూపినది. ప్రబోధము చేయు పుస్తకములు పెక్కు చదివితిమి గాని, తప్పు చేసినవాడు చదువరియే యని యింత సూటిగా పట్టియిచ్చిన పుస్తకములు తక్కువ.

ఇక కడవెండి మాట. ఉపాధ్యాయుడన్నది నిజము. కొమరయ్య కడకు పోయి ఈ యాట చెప్పగలిగిన దేమియు లేదు. చెప్పబూనినచో నది దుస్సహమగును. పీడితునకు ఓర్పు బోధించు దయను మనమెన్నడును మెచ్చరాదు. కాని యాట మాటాడుచున్నది పీడితునితోనా? బిడ్డ చేతిలో మొదటినుండియు కఱ్ఱయున్నది. వెనుకకు మరలి కాలమును దిద్దుకొను శక్తియున్నది. భూగర్భములో నెవరికిని లేని యధికారమది. ఆటయొక్క ప్రశ్న గడీలో తుపాకి పట్టిన చేతి కెదురైన ప్రశ్న గాని, ఊరేగింపులో నడచినవాని ప్రశ్న కాదు. ఆ రాత్రి యా యింట కూర్చున్న మాలో గడీలవారెవరును లేరు. ఐనను పనిమనిషి జీతము కోయగల చేయి, కోడలి చదువు మాన్పగల చేయి, విద్యార్థిని తరగతి యెదుట నవ్వులపాలు చేయగల చేయి మా యందరికిని ఉన్నవి. ఇక దయ యూరక వచ్చుననుట కూడ పూర్తిగా సరికాదు. ఎవరిని చంపనివానికి చివరిదాక మొదటి లెవెలే, ఇరువది యంకెల ప్రాణమే. చంపినవాడు ఇనుమువలె గట్టిపడుచుండగా వీడు ప్రతి పోరునందును ఒకటి రెండు పొరపాట్లకే కూలును. ఆటలోని నాణెములలో దయకు వెల కట్టబడియే యున్నది.

గనిలో పనిచేయు చిన్నాయన చాలసేపు మౌనముగా చూచెను. మేము వాదించుకొన్న ధర్మము, దయ యను మాటలు ఆయనను కదల్చినట్లు లేదు. భూమి లోపల బజారు, హోటలు, చలిలో కాపలా యుద్యోగము, పని ముగించి యింటికి పోవు మొగములు కనబడినప్పుడు మాత్రము ముందుకు వంగెను. "క్రింద నున్నవారిని పైవారు భూతములనుట కొత్తేమున్నది" అని మాత్రమనెను. ఆయన యుద్యోగము తొలి షిఫ్టులో భూగర్భమునకు దిగుట. మేము ధర్మవిచారమున మునిగి, ఆ కథ మొదటి వాక్యమునందే యున్న యన్యాయమును, అనగా ఓడినవారిని పాతిపెట్టి వారికి భూతములని పేరు పెట్టుటను, ఆయన చెప్పువరకు గమనింపనే లేదు.

కీర్తి విషయమున పిల్లవానితోను మాకు పేచీ కలదు. ఇన్ని వేలమంది యోటు వేసిరి గనుక ఆట గొప్పదని వాని వాదము. ఇంత త్వరగా ఇంతమంది మెచ్చిరి గనుక అనుమానింపవలెనని ఉపాధ్యాయుని వాదము. ఇద్దరును గుంపును చూచుచున్నారు గాని యాటను చూచుటలేదు. ఇదే జనగామ జిల్లావాడగు చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చినది. ఐదు దశాబ్దములకు పైబడి, 19,000 ప్రదర్శనలకు పైగా ఇచ్చిన పిమ్మట వచ్చినది. ఆ ప్రదర్శనల ముందు రాత్రులు కూర్చున్న పల్లెజనమును లెక్కించినచో ఎన్ని యోట్లగునో! కాని యా మెప్పును మెప్పుగా నెంచుటకు చదువుకొన్న మనకు చాలకాలము మనస్సు రాలేదు. చిందువారు మాదిగ యిండ్లనాశ్రయించి బ్రతికినవారు. వారి వేషము వీధిలోని వేడుకయేగాని కళ కాదని మన యరుగులపై కూర్చుండి తేల్చితిమి. కావున కీర్తి వచ్చినదా రాలేదా యను ప్రశ్నకు ముందు, ఎవరి చప్పట్లు లెక్కలోనికి వచ్చినవని యడుగవలసియున్నది. కంప్యూటరు, తీరిక, ఆంగ్లము గలవారి చప్పట్లు మూడు నెలలలో లెక్కకు వచ్చినవి. ఇది యాట దోషము కాదు; గుణమును కాదు.

చిందు తలపునకు రాగా నింకొక భేదము తోచినది. రాత్రి హిరణ్యకశిపుని వేషము కట్టి కూలినవాడు తెల్లవారి రంగు కడుగుకొని బీడి ముట్టించుకొనును. చూచినవారు భయపడుదురు, ఏడ్తురు; చేసినది మాత్రము వారు కారు. ఈ యాటలో చూచువాడే చేయువాడు. అందుచేత రంగు కడుగుకొనుట కష్టము.

మాకు నచ్చని దొక్కటి కలదు. అందరిని వెదకి వెదకి చంపు త్రోవ కూడ ఆటలో నున్నది. ఆ త్రోవను రచయిత శ్రద్ధతో కట్టినాడు. ఆటయందలి అతికఠినమైన పోరాటములను, అతిమనోహరమైన సంగీతమును అచ్చటనే దాచినాడు. దాచి, అటు పోయినవానిని నీవు కుతూహలముచేత నిన్ని ప్రాణములు తీసితివని నిందించును. తాను చేయక, ఇతరులు చేయగా చూచి యానందించువారిని సైతము వదలడు. ఆ త్రోవ ముగిసినచో లోకము నశించును. తిరిగి యాడవలెనన్న ఆత్మను ధారపోయవలెను. అటుపిమ్మట నెంత మంచిగా నాడినను ఆ మచ్చ పోదు. భక్ష్యములు వండి వాకిట నుంచి, ముట్టినవానిని దొంగయను గృహస్థు వంటిది ఈ పద్ధతి. అభిమానులు దీనినే గొప్పతనమందురు. మేమనము. నిందించుటకు రచయితకు గల యధికారము సగమే. తక్కిన సగము తన వంటను గూర్చి తానే సమాధానము చెప్పుకొనవలెను. అట్లే, ఈ యాటను మెచ్చనివారిని వెంటాడి వేధించిన యభిమానులను గూర్చి వినినప్పుడు, దయామీట వారి చేతికింద నెన్ని గంటలున్నను ఫలమేమని తోచినది.

మా తీర్పు ఇట్లు చెప్పితిమి: సర్వోత్తమమను పేరు దీనికి తగదు, అసలా పేరు దేనికిని తగదు. దయను బోధించినందుకు దీనిని మెచ్చ నక్కఱలేదు. టోరియెల్ ఇంటి వాకిట మా చేత చేయించి, మాచే దిద్దించి, దిద్దినదానిని చెరిపినట్లు నటింపక మాకే జ్ఞాపకము చేసినందుకు మెచ్చవలెను. ఆ యొక్క పనికి వచ్చిన కీర్తి న్యాయమైనది.

పిల్లవాడు సగము సంతోషించెను. అందరిని చంపు త్రోవను తానింతవరకు తొక్కలేదట. ఒకమారు పోయి చూడవచ్చునా యని మమ్మడిగెను. చూడవలదని చెప్పుటకు మాకు నోరు రాలేదు, చూడుమనుటకును రాలేదు. చిన్నాయన మఱునాడు తొలి షిఫ్టు కలదని రాత్రి బస్సుకే బయలుదేరెను. ఉపాధ్యాయుడు మా తీర్పు నంగీకరింపలేదు. ఐనను మఱునాడుదయము మానుకోటకు పోవునప్పుడు, తన కూతురి కంప్యూటరులో ఆ యాటను పెట్టించుకొనుట యెట్లో పిల్లవానిచేత కాగితముపై వ్రాయించుకొని చొక్కా జేబులో పెట్టుకొనెను. రెండు నెలలైనది. మేకమొగము తల్లి యెదుట నాయన యేమి చేసెనో ఇంతవరకు మాకు వ్రాయలేదు.